నాలుగో వేలు

"పేజీ అడుగున చూడండి. సరిగ్గా మధ్యలో చీమ తలకాయంత అంకెలు ఉంటాయి. అవి చదివి చెప్పండి, చాలు," అంది రబ్బరమ్మ.

ఫోనులో అవతల ఉన్నాయనది పాత సామాన్ల కొట్టు. వేరే ఊళ్ళో మూతపడిన ఒక డాన్సు స్కూలు సామానంతా గుత్తగా కొన్నాడు. నిలువుటద్దాలు, మడత కుర్చీలు, పియానో ముందు వేసుకు కూర్చునే పెట్టె పీట ఒకటి వచ్చాయి. పియానోను అంతకుముందే ఎవరో పట్టుకుపోయారు. పీట మూత ఎత్తితే లోపల కాగితాలు కనిపించాయట. లాంతరు గాజులు చుట్టడానికి పనికొస్తాయని పక్కన పెట్టుకున్నాడు.

"అట్ట లేదమ్మా దీనికి. మొదటి పేజీ కూడా లేదు. ఏ పుస్తకమో, ఎవరు రాశారో మీకెలా తెలుస్తుంది?"

"అంకెలు చెబితే తెలుస్తుందండీ."

ఆమె కోతలు కోసిందేమీ కాదు. ఆ కాలంలో పియానో స్వరలిపిని లోహపు పలకల మీద చెక్కి అచ్చు వేసేవారు. ఒక్కో పుస్తకానికి ఒక్కో నంబరు ఇచ్చి, పలకలు కలిసిపోకుండా ప్రతి పేజీ అడుగునా ఆ నంబరే చెక్కేవారు. అట్ట చిరిగిపోవచ్చు, పేరు మాసిపోవచ్చు, నంబరు మాత్రం ఎక్కడికీ పోదు. రబ్బరమ్మ దగ్గర ఉన్న అయిదు పుస్తకాల నంబర్లూ వరసగా ఎనభై ఎనిమిది పదకొండు నుంచి పదిహేను దాకా ఉన్నాయి. ఆరో పుస్తకం పదహారు కావాలి.

"ఎనిమిది," అన్నాడాయన. "ఇంకో ఎనిమిది. ఒకటి. చివరిది అయిదో ఆరో తెలీటం లేదు, మరక పడింది."

రబ్బరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "కడుపు గుండ్రంగా ఉందా?"

"రెంటికీ కడుపు ఉంటుంది కదమ్మా."

"పైన టోపీ ఉందా మరి? అడ్డగీత?"

ఆయన కాగితాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళిన చప్పుడు వినిపించింది. "టోపీ లేదు. తోకలాగా పైకి లేచింది."

ఆమె కూర్చుంది. "ఇప్పటికి ఎన్ని గాజులు చుట్టారండీ?"

"ఒకటే చుట్టాను. దాన్నీ విప్పమంటారా?"

"విప్పండి. ఒక్క కాగితం కూడా పోకూడదు. దానికి బదులు మీకు రెండు మూటల పాత పేపర్లు పంపిస్తాను. గాజులకు అవే మెత్తగా ఉంటాయి."

ఆ పుస్తకాలు రాసిన ఇటలీ ఆయన ఎంత గొప్పవాడో అని మీరు ఆలోచించనక్కరలేదు. ఆయన ఊరివాళ్ళకే ఆయన గుర్తులేడు. ఆ దేశంలో ఒకప్పుడు జనమంతా పాటల నాటకాల వెంట పడి తిరుగుతుంటే, ఓ మూల కూర్చుని ఒంటి పియానోకి రాసుకున్న అమాయకులు కొందరున్నారు. రబ్బరమ్మ పనిచేసే సంగీత కళాశాల గ్రంథాలయంలో మూడో బీరువా అడుగు అర వాళ్ళది. ఎవరూ అడగని ఆ అరని రబ్బరమ్మ సొంత పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటుంది. అందులో ఈయన చేతివేళ్ళ సాధన కోసం ఆరు పుస్తకాలు రాశాడు. సంగీత కళాశాల ఎప్పుడో ఒకే ఒక సెట్టు తెప్పించిందనీ, ఆరూ చేరాయనీ పాత రిజిస్టరులో ఉంది. అరలో ఉన్నవి మాత్రం అయిదు.

ఆరో దానికోసం ఆమె పదకొండేళ్ళుగా వెతుకుతోంది. ఒక్కో వాకబుకి ఒక్కో కార్డు రాసి చెక్క పెట్టెలో పెడుతుంది. నూట నలభై మూడు కార్డులయ్యాయి. ఒక మఠం వాళ్ళు దానికి బదులు ప్రార్థనల పుస్తకం పంపారు. ఒకాయన తన దగ్గర ఉంది గానీ చూపించనని రాశాడు, తర్వాత లేదని తేలింది. ఇటలీలో ఒక గ్రంథాలయం తమ ప్రతి వానకి తడిసి ముద్దయిందని విచారం తెలిపింది. నూట నలభై నాలుగో కార్డు మీద ఆమె ఆ మధ్యాహ్నం "దొరికింది" అని రాసింది. రాసి, ఆ ఒక్క మాటనే కాసేపు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ బల్ల ముందు కూర్చుని బఠానీలు వలుస్తోంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆఫీసు అవగానే మెట్లెక్కి వచ్చి ఓ గంట కూర్చుని వెళ్ళడం రబ్బరమ్మకి అలవాటు. రొప్పుతూ వస్తే పెద్దమ్మ ఎప్పుడూ అనేది ఒకటే మాట.

"తొందరేం లేదు, బస్సేం వెళ్ళిపోదు. కూర్చుని ఊపిరి పీల్చుకో."

ఆవిడ చేతులు పెద్దవి, మగవాళ్ళ చేతుల్లా ఉంటాయి. ఎడమచేతి ఉంగరం వేలు మాత్రం వంగదు. చిన్నప్పుడు తలుపు సందులో పడిందట. కాయ వలిచేటప్పుడూ, కప్పు పట్టుకునేటప్పుడూ ఆ వేలు మిగతావాటితో పేచీ పెట్టుకున్నట్టు విడిగా నిలబడి ఉంటుంది.

"పెద్దమ్మా, ఇటలీ ఆయన ఆరో పుస్తకం దొరికింది."

పెద్దమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగింది. "ఎక్కడ?"

"డాన్సు స్కూలు పియానో పీటలో."

"ఓహో," అని ఆవిడ మళ్ళీ వలవడం మొదలుపెట్టింది. సంతోషిస్తుందనుకుంది రబ్బరమ్మ. ఆవిడ బఠానీల గిన్నె ముందుకు తోసి, "రెండు పిడికెళ్ళు నీకు పట్టుకెళ్ళు," అని ఊరుకుంది.

* * *

పార్సెలు నాలుగో రోజున వచ్చింది. కొట్టాయన మంచివాడు. చుట్టిన గాజు విప్పి ఆ కాగితాన్ని ఇస్త్రీ చేసి మరీ పెట్టాడు.

సంగీత గ్రంథాలయంలో బయటివాళ్ళకి తెలియని పని ఒకటుంది. వాయించేవాళ్ళు పుస్తకం ఇంటికి పట్టుకెళితే ఊరికే ఉండరు. ఏ స్వరం ఏ వేలితో నొక్కాలో పెన్సిలుతో అంకెలు వేసుకుంటారు. బొటనవేలు ఒకటి, చిటికెన వేలు అయిదు. పుస్తకం తిరిగొచ్చాక వాటన్నిటినీ చెరిపి, తర్వాతివాళ్ళకి శుభ్రంగా ఇవ్వాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ పని ఈమెదే. మెత్తటి తెల్ల రబ్బరు తీసుకుని, ఎడమచేత్తో కాగితం నొక్కి పట్టి, ఒకే వైపుకు రుద్దుతుంది. అటూ ఇటూ రుద్దితే కాగితం పొర లేస్తుంది. పొట్టుని కుంచెతో తుడుస్తుంది, నోటితో ఊదదు. ఆ పేరు ఆమెకి అలాగే వచ్చింది. తలుపు మీద "పెన్నులు లోపలికి తేరాదు" అన్న బోర్డు కూడా ఆమె రాసి పెట్టిందే. పెన్సిలయితే దిద్దుకోవచ్చు గానీ సిరా పడ్డ పుస్తకం పోయినట్టే లెక్క అంటుంది.

బైండరు వచ్చి పక్కన నిలబడ్డాడు. కింది గదిలో పుస్తకాలు కుట్టే మనిషి, ఆమెకంటే ముందు నుంచీ ఉన్నవాడు. కుట్టు చిల్లులు లెక్కపెట్టి, "అట్టా మొదటి పేజీ తప్ప అన్నీ ఉన్నాయి," అన్నాడు. "పెన్సిలు గీతలు మాత్రం దండిగా ఉన్నాయి. నీకు వారం రోజుల పని."

ఆమె రబ్బరు తీసి, ఉన్నవాటిలో మొదటి పేజీ ముందు పెట్టుకుంది. చెరిపే ముందు ఏం చెరుపుతున్నామో ఒకసారి చదవడం ఆమె అలవాటు. కుడిచేతి వరస మామూలుగానే ఉంది. ఎడమచేతి వరసలో అయిదు, మూడు, రెండు, ఒకటి. మళ్ళీ అయిదు, మూడు. పేజీ తిప్పింది. పదహారో పేజీ దాకా వెళ్ళినా ఎడమచేతికి నాలుగు అంకె ఒక్కటీ తగల్లేదు.

అందులో వింత లేదు. ఈ ఇటలీ ఆయన పుస్తకాల్లో మొదటి అయిదింటినీ కళాశాలలో పియానో చెప్పిన పెద్ద మాస్టారు ముప్పై అయిదేళ్ళ క్రితమే మళ్ళీ అచ్చు వేయించారు. అట్ట మీద "వేళ్ళ అంకెలు కూర్చినది" అని ఆయన పేరుంటుంది. ఎడమచేతి నాలుగో వేలు వాడకపోవడమే మాస్టారి పద్ధతి అని పియానో నేర్చుకునే ప్రతివాళ్ళకీ తెలుసు. దాన్ని మెచ్చుకుంటూ వ్యాసాలు కూడా వచ్చాయి.

పదిహేడో పేజీ అంచున అంకెలు కాక మాటలున్నాయి. వేగంగా వాయించాల్సిన చోట, సన్నటి పెన్సిలుతో, కాస్త ఏటవాలుగా రాసి ఉంది. తొందరేం లేదు, బస్సేం వెళ్ళిపోదు.

రబ్బరమ్మ ఆ మాటని రెండుసార్లు చదివింది. తర్వాత సంచిలోంచి పెద్దమ్మ నిన్న సాయంత్రం రాసిచ్చిన మందుల చీటీ తీసి పక్కన పెట్టింది. పోల్చి చూడాల్సిన పనేమీ లేదు. ఒకటికి చిన్న ముక్కు, మూడుకి పొడుగు తోక, అన్నీ అవే. మామూలు ఉంగరం వేలు వంగుతుంది. వంగని వేలున్నవాళ్ళే ఇలా ప్రతి పేజీలోనూ దాన్ని తప్పించి దారి వెతుక్కుంటారు.

ఆమెకి అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మాస్టారి బీరువాలోంచి అయిదు పాత పుస్తకాలు గ్రంథాలయానికి వచ్చాయి. నిండా పెన్సిలు అంకెలే. కొత్తగా చేరిన పిల్ల కదా, పని నేర్చుకుంటుందని ఆమెకే ఇచ్చారు. మాస్టారి చేతి అంకెలే అనుకుని, నాలుగు రోజులు కూర్చుని ఒక్క చుక్క మిగలకుండా చెరిపింది. అందరూ మెచ్చుకున్నారు. అప్పటికి పెద్దమ్మ దూరపు ఊళ్ళో ఉండేది, ఆవిడ రాత ఈమెకి అంతగా తెలీదు. పెద్దమ్మ అంకెలన్నిటినీ తన చేత్తోనే తుడిచేసింది రబ్బరమ్మ. రబ్బరుని డెస్కు సొరుగులో పెట్టి మూసింది.

* * *

మర్నాడు పదకొండింటికి పెద్ద మాస్టారే వచ్చారు. ఎనభై దాటిన మనిషి, పలచటి శాలువా, చేతిలో కర్ర. కళాశాలకి ఎన్నో ఏళ్ళు పెద్దగా ఉండి దిగిపోయినా, ఆయన నడిచి వస్తుంటే ఇప్పటికీ అందరూ లేచి నిలబడతారు. ఆరు పుస్తకాలూ కలిపి ఒకే సంపుటంగా అచ్చుకి వెళ్ళబోతోంది. ఆరోది శుక్రవారం లోపల ప్రెస్సుకి అందాలి.

"పదకొండేళ్ళు వెతికావు తల్లీ," అన్నారాయన కూర్చుంటూ. "నీ ఓపికకి దండం పెట్టాలి."

ఆ మాట నిజంగానే అన్నారు. ఆయన చెడ్డమనిషి అయితే రబ్బరమ్మకి సులువుగా ఉండేది.

ఆయన పేజీలు గబగబా తిప్పారు. తర్వాత నెమ్మదిగా తిప్పారు. పదిహేడో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎవరి గీతలంటారు మాస్టారూ ఇవి?"

"ఎవరో డాన్సు స్కూలు పంతులమ్మవి అయ్యుంటాయి."

"ఎడమచేతికి నాలుగో వేలు ఎక్కడా లేదు."

"అది మన పద్ధతే కదా. నాలుగో వేలు సోమరి. దాన్ని నమ్ముకోకూడదని నేను మొదటినుంచీ చెబుతున్నాను. ఆవిడెవరో మన పుస్తకాలు చూసి ఉంటుంది." ఆయన పుస్తకం మూసి దాని మీద అరచెయ్యి ఆనించారు. "ఒక పని చెయ్యి. ముందు దీన్నంతా జెరాక్సు తీయించి నాకు పంపించు. తర్వాత శుభ్రంగా చెరిపెయ్యి. నీ అంత బాగా చెరిపేవాళ్ళు ఎక్కడా లేరు."

ముందు జెరాక్సు, తర్వాత చెరపడం. ఆయన ఎంత మామూలుగా అన్నారంటే, తాను ఏం చెప్పారో ఆయనకే తెలియలేదేమో. రబ్బరమ్మ "సరేనండీ" అంది. పెద్దవాళ్ళు చెబితే సరేనండీ అనడం నోటికి అలవాటైపోయిన మాట.

ఆయన వెళ్ళాక జెరాక్సు మిషను దాకా వెళ్ళింది. మూత ఎత్తింది. పైనున్న పేజీ బోర్లా పెట్టి, బొత్తం మీద వేలు ఉంచి, అలాగే నిలబడింది. పదమూడేళ్ళ వయసులో ఇదే మాస్టారి ముందు పరీక్షకి కూర్చున్న సంగతి గుర్తొచ్చింది. మూడో పుస్తకం, పదకొండో పాఠం. కింది స్వరం చిటికెన వేలితో నొక్కి పట్టి, పై స్వరం బొటనవేలితో నొక్కి పట్టి, చిటికెన వేలి పక్కనున్న పియానో మెట్టుని మధ్యవేలితో అందుకోవాలి. మధ్యవేలు అక్కడికి వెళితే బొటనవేలు లేచిపోయేది. మూడుసార్లు లేచింది. మాస్టారు చాలా దయగానే చెప్పారు. "ఈ అమ్మాయి చెయ్యి దీనికి పనికిరాదండీ. వేరే ఏదైనా నేర్పించండి." నాన్న ఆమెని ఇంటికి తీసుకొచ్చేశాడు.

ఆమె పేజీ తీసి పుస్తకంలో పెట్టింది. పుస్తకాన్ని సంచిలో పెట్టింది. రిజిస్టరులో సంతకం చెయ్యకుండా గ్రంథాలయం పుస్తకం బయటికి తీసుకెళ్ళడం ఆమెకి అదే మొదలు. పక్కన మాస్టారి అచ్చు పుస్తకం, మూడోది కూడా పెట్టుకుంది.

* * *

పెద్దమ్మ పుస్తకాన్ని వెంటనే ముట్టుకోలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుర్చీ సర్దుకుని అప్పుడు దగ్గరికి లాక్కుంది.

"నీదే కదా," అంది రబ్బరమ్మ.

"కాలేజీది. అంకెలు నావి."

"పదకొండేళ్ళ నుంచి నీ ముందే దీని గురించి వాగుతున్నాను. ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు."

"నాలుగు ఊళ్ళలో డాన్సు స్కూళ్ళకి వాయించానే. ఏ పీటలో మర్చిపోయానో నాకే తెలీదు. తెలిస్తే మాత్రం చెబుతానా? చెబితే నువ్వు తెస్తావు. తెస్తే మీ పెద్ద మాస్టారు అచ్చు వేస్తాడు. ఆరోదైనా దొరక్కుండా ఉంటే చాలనుకున్నాను." ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. ఎప్పుడో ఆరిపోయిన పొయ్యి గురించి చెప్పినట్టు చెప్పింది. "నేను కాలేజీలో వాయిస్తుంటే విని, అయిదూ రెండు రోజులకని పట్టుకెళ్ళాడు. ఆరోది నా సంచిలో ఉంది. ఈలోపు మీ పెదనాన్నకి బదిలీ అయింది. మూడేళ్ళకి అచ్చు పుస్తకం వచ్చిందని ఎవరో రాశారు. నా పేరు లేదని కూడా రాశారు. దాని మొహం నేను చూడలేదు."

"నేను ఊరుకోను పెద్దమ్మా. అచ్చు ఆపిస్తాను. నీ పేరు వేయించేదాకా వదలను. ఇదొక్కటే మిగిలిన సాక్ష్యం. మిగతా అయిదూ..." రబ్బరమ్మ పుస్తకం అంచు సర్దింది. "మిగతా అయిదూ నేనే చెరిపాను. నాకు తెలీదు."

పెద్దమ్మ ఆమె చెయ్యి తట్టింది. "పెన్సిలుతో రాసుకున్నది చెరగకపోతే ఏమవుతుందే. ఏడవకు. ఏదీ ఆ అచ్చు పుస్తకం, తెచ్చావా?"

మొదటిసారిగా ఆవిడ దాన్ని తెరిచింది. అట్ట మీది పేరు దగ్గర ఆగలేదు. లోపలికి వెళ్ళి, బల్ల అంచునే పియానో చేసుకుని ఎడమచేత్తో వాయించుకుంటూ చదివింది. రెండు పేజీలు తిప్పేసరికి నవ్వొచ్చింది. ఆవిడ పగలబడి నవ్వడం రబ్బరమ్మ చాలా ఏళ్ళకి చూసింది.

"ఒక్కటి మార్చలేదే. ఒక్కటంటే ఒక్కటి. తన చేతికి సరిచేసుకుని వేసి ఉంటాడనుకున్నాను ఇన్నాళ్ళూ. కాస్త బుర్ర పెట్టి ఉంటాడనుకున్నాను. నా కుంటి వేలితో సహా దించేశాడు." కళ్ళు తుడుచుకుంది. తర్వాత నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది. "దీన్ని పిల్లలకి నేర్పుతున్నారా?"

"ముప్పై అయిదేళ్ళుగా. పరీక్షకి ఇదే పెడతారు. అంకె తప్పితే మార్కులు పోతాయి."

"వేళ్ళన్నీ బాగున్న పిల్లలకా?"

రబ్బరమ్మ తన ఎడమచెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వూ దీని మీదే నేర్చుకున్నావా? మీ అమ్మ రాసింది నాకు, చెయ్యి చిన్నది, కుదరలేదని. ఎక్కడ ఆగిపోయావు?"

"వదిలెయ్ పెద్దమ్మా. ఎప్పటి మాటో."

"ఎక్కడ?"

ఆమె పదకొండో పాఠం తీసి, మూడో వరసలో ఆ చోటు చూపించింది. పేజీ వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. పెద్దమ్మ చూసింది. తన పెద్ద చేతిని ఆ అంకెల ప్రకారం బల్ల మీద చాపింది. వంగని వేలు గాలిలో నిలబడింది, మధ్యవేలు దాని మీదుగా వెళ్ళి సునాయాసంగా చిటికెన వేలి పక్కన వాలింది. తర్వాత రబ్బరమ్మ చెయ్యి తీసుకుని తన చెయ్యి పక్కన పెట్టి చూసింది. రెండు కణుపులు పొట్టి.

"లే," అంది.

గోడవారగా ఉన్న పాత పియానో మీద మడత పెట్టిన దుప్పట్లు, రెండు మందు సీసాలు ఉన్నాయి. పెద్దమ్మ అవన్నీ మంచం మీదికి చేరేసింది. మూడు మెట్లు పలకవు గానీ ఆ చోటుకి కావలసినవి పలుకుతాయి. రబ్బరమ్మ కూర్చుంది. పియానోలకి కావలసిన పుస్తకాలన్నీ వెతికిన మనిషి, ముప్పై మూడేళ్ళుగా ఒక్క పియానో ముందు కూర్చోలేదు. చిటికెన వేలు పెట్టింది. బొటనవేలు పెట్టింది. మధ్యవేలు చాపబోయింది.

"అది కాదు. దాని పక్కది."

"నాలుగోదా?"

"దేవుడిచ్చింది ఉంది కదా. దించు."

ఆమె ఉంగరం వేలు దించింది. అది వెళ్ళడానికి దూరమే లేదు. అప్పటికే సరిగ్గా ఆ మెట్టు పైనే ఉంది. స్వరం పలికింది, బొటనవేలు లేవలేదు. మళ్ళీ వాయించింది. గీత నుంచి గీత దాకా ఉన్న పక్క పట్టీ కూడా చేతికి అందింది. నాలుగు పట్టీలు, నెమ్మదిగా, తప్పుల్తో. పరీక్ష గదిలో ఆమె ఎప్పుడూ దాటలేకపోయిన చోటు దాటి, వరస చివరిదాకా వెళ్ళి ఆగింది.

"నీ చెయ్యి బాగానే ఉందే," అంది పెద్దమ్మ.

రబ్బరమ్మ మెట్ల మీది చెయ్యి తియ్యకుండా ఏడ్చింది. ఈసారి పెద్దమ్మ ఏడవకు అనలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇలా ఎంతమందే," అంది కాసేపటికి. "నా పేరు లేకపోతే నాకేం పోయింది. తిన్నాను, వాయించాను, బతికాను. పోయింది వీళ్ళకి. పేరుండి ఉంటే ఎవరో ఒకరు ఇదేమిటమ్మా ఇలా వేశారు అని అడగడానికి వచ్చేవారు కదా. నా వేలు చూపించేదాన్ని. అక్కడితో అయిపోయేది." ఆవిడ ఆరో పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "ఇవి నా కోసం రాసుకున్నవి. పాఠం కాదు. దీన్ని ఇలాగే నా పేరుతో అచ్చు వేస్తే ఇంకా సిగ్గుచేటు."

"మరి చెరిపెయ్యనా?"

"చెరిపితే ఆయన మళ్ళీ ఆ పద్ధతే వేస్తాడు. ఆయనకి వేరే పద్ధతి ఎక్కడుంది? నేనే దిద్దుతాను. నీ చెయ్యి ఇలా పెట్టుకుని, నీ చేతికి సరిపోయేలా. పెన్ను ఇవ్వు."

"పెన్సిలు ఉంది పెద్దమ్మా నా దగ్గర."

"పెన్సిలు వద్దు. దానితో ఏమైందో చూశావుగా. పెన్ను ఇవ్వు."

దేశంలో ఉన్న ఒకే ఒక్క ప్రతి. పదకొండేళ్ళు, నూట నలభై నాలుగు కార్డులు. రబ్బరమ్మ సంచిలోంచి నీలం సిరా పెన్ను తీసింది, మూత విప్పి, ఆవిడ చేతిలో పెట్టింది.

* * *

రెండు సాయంత్రాలు పట్టింది. రబ్బరమ్మ వాయించడం, పెద్దమ్మ ఆపడం, "ఇంకోసారి" అనడం, అంకె వేయడం. శుక్రవారం పొద్దున ఆమె పుస్తకాన్ని మాస్టారి ముందు పెట్టి, ఆయన కూర్చోకముందే చెప్పాల్సింది చెప్పేసింది. "జెరాక్సు తియ్యలేదండీ. చెరపలేదు కూడా."

పెన్సిలు అంకెల పక్కన ప్రతి పేజీలోనూ నీలం అంకెలు. ఎడమచేతి వరస నిండా నాలుగులే. మాస్టారు బొటనవేలు నాలికతో తడుపుకుని ఒక నాలుగుని రుద్దారు. చుట్టూ కాస్త నీలం పాకింది, అంకె అలాగే ఉంది.

"ఇది చెరగదు," అన్నారు.

"చెరగదండీ."

"నువ్వు పెన్ను ఇచ్చావా? నువ్వా?"

"నేనే ఇచ్చాను."

ఆయన చివరి పేజీ తీశారు. అక్కడ పెద్దమ్మ నాలుగు ముక్కలు రాసి, కింద పూర్తి పేరు, ఇంటి చిరునామా వేసింది. "నా ఎడమచేతి నాలుగో వేలు చిన్నప్పుడు తలుపులో పడి వంగదు. పెన్సిలు అంకెలు నా చేతికోసం వేసుకున్నవి. మీ వేలు వంగితే వాడుకోండి. సందేహముంటే వచ్చి అడగండి." తేదీ కూడా ఉంది.

ఆయన చదివి పుస్తకం మూశారు. రబ్బరమ్మ ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది, వాటిలో చాలా ఘాటువి. ఆయన ఎడమచెయ్యి బల్ల అంచు మీద ఉంది. ఉంగరం వేలు లేచింది, దిగింది. మళ్ళీ లేచి దిగింది. బాగానే వంగుతోంది. ఆ వేలితో ఆయన ఎన్నేళ్ళుగా వాయించలేదో ఆమెకి ఒక్కసారిగా అర్థమై, ఆ మాటలన్నీ లోపలే ఉండిపోయాయి.

"ఆవిడ వేలు సంగతి నాకు తెలీదు," అన్నారాయన. "నిజం. ఆవిడ వాయిస్తుంటే పాట విన్నానే గానీ చెయ్యి ఎప్పుడూ చూడలేదు. అంత బాగా వాయించే మనిషి వేసిన అంకెలు కదా, ఏదో రహస్యం ఉంటుందనుకున్నాను." పుస్తకాన్ని ఆమె వైపు జరిపారు. "సోమరి వేలు అని తర్వాత నేనే కల్పించుకున్నాను. నలుగురూ కారణం అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా."

ఆయన ఫోను తీసి ప్రెస్సుకి చేశారు. సంపుటం ఈ నెల రాదనీ, ఎప్పుడొస్తుందో తర్వాత చెబుతాననీ చెప్పి పెట్టేశారు. అవతలివాళ్ళు ఏదో అంటూనే ఉన్నారు.

"మిగతా అయిదూ కూడా ఆవిడ దిద్దుతుందా?"

"మీరే అడగాలండీ. పేరు ఎక్కడ వేస్తారో కూడా ఆవిడకే చెప్పండి. నాకు కాదు."

ఆయన తలూపారు. కర్ర అందుకుని లేచి, అప్పుడే బయల్దేరేట్టు శాలువా సర్దుకున్నారు. చిరునామా కోసం పుస్తకం మళ్ళీ తెరవబోయి, తెరవకుండా ఆమెనే అడిగారు.

"రెండు వీధుల అవతలే," అంది రబ్బరమ్మ. "సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లు నెమ్మదిగా ఎక్కండి మాస్టారూ. తొందరేం లేదు, బస్సేం వెళ్ళిపోదు."

పదిహేడో పేజీ అంచున చదివిన మాటే మళ్ళీ వినబడి, గుమ్మం దాకా వెళ్ళిన మనిషి ఆగిపోయాడు. వెనక్కి తిరక్కుండానే, తలుపు చెక్కని ఎడమచేత్తో పట్టుకుని, అలాగే కాసేపు నిలబడ్డాడు.